మంచులో బండి ఆగిపోతే

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది సభలో ప్రాణరక్షణ గురించి ఏదైనా పనికొచ్చే విషయం చెప్పమని కార్యదర్శిగారు అడిగితే, మంచులో చిక్కుకున్న బండిలో మనిషి ఎలా బతికి బయటపడాలో చెబుతానన్నాను. ఆ మాటకి అక్కడున్న ఒకరిద్దరు నవ్వారు. నవ్వడంలో తప్పేమీ లేదు. డిసెంబరులో కూడా ఫ్యాను కట్టెయ్యకుండా పడుకునే కోనసీమలో, కొబ్బరిచెట్ల మధ్య షామియానా వేసుకుని కూర్చుని మంచు తుపాను గురించి మాట్లాడుకోవడం విడ్డూరంగానే ఉంటుంది. కానీ ఆ నవ్వినవారిలో ఒకరి కొడుకు కెనడాలో ఉన్నాడు. ఇంకొకరి మేనల్లుడు స్నేహితులతో మనాలీ వెళ్ళి వచ్చాడు.

మన తాతల కాలంలో బతుకుతెరువుకి రంగూను వెళ్ళేవారు. తండ్రుల కాలంలో కువైట్, మస్కట్, దుబాయి. అక్కడ ఎండ ఉంది, ఇసుక ఉంది, కష్టం ఉంది. మంచు బాధ లేదు. ఇప్పటి పిల్లలు చదువుకనీ ఉద్యోగానికనీ టొరంటో, చికాగో, బర్మింగ్‌హామ్, బెర్లిన్ దాకా వెళుతున్నారు. వెళ్ళిన కొన్నాళ్ళకి పాత కారొకటి కొనుక్కుంటున్నారు. కారు నడపడం వాళ్ళకి వచ్చు. మంచులో అది ఆగిపోతే ఏం చెయ్యాలో చెప్పే పెద్దదిక్కు మాత్రం ఇంట్లో లేదు. ఏటిలో సుడి ఎక్కడుంటుందో, తుపానుకి ముందు గాలి ఎటు తిరుగుతుందో మన పిల్లలకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అవి పుట్టి పెరిగిన నేల నేర్పేస్తుంది. మంచు సంగతి మన నేల నేర్పదు.

ముందుగా ఒక భాషా విషయం. బడిలో పాఠాలు చెప్పేది ఉర్దూలో, బజారులో మాట్లాడేది తెలుగులో కాబట్టి ఇది నాకు తట్టింది. తెల్లవారుజామున గడ్డి మీద మెరిసే బొట్టూ తెలుగులో మంచే. సంక్రాంతి నెలలో గోదావరి మీద పంటు కనబడకుండా కమ్మేసేదీ మంచే. హిమాలయాల మీద పడేదీ మంచే. ఉర్దూలో మొదటిది ఓస్, రెండోది కోహ్రా, మూడోది బర్ఫ్. మూడు మాటలు, మూడు వస్తువులు. అవతలినుంచి అబ్బాయి ఫోనులో "ఇక్కడ మంచు పడుతోందమ్మా" అంటాడు. ఇక్కడ అమ్మ మనసులో మెదిలేది గోదావరి మీది పొగమంచు. "చెవులకి మఫ్లరు కట్టుకో నాన్నా" అంటుంది. వాడు చెప్పిందేమో బర్ఫ్. దానికి బరువుంది. అది రోడ్డు మీద మోకాలి లోతున, నడుము లోతున పేరుకుంటుంది. గాలి తోడైతే ఆగిన కారుని అద్దాల దాకా కప్పేస్తుంది. మఫ్లరుతో తీరే వ్యవహారం కాదది.

మనకి తెలిసిన దానితో పోల్చి చెప్పాలంటే 1996 నవంబరు 6 రాత్రి గుర్తు చేసుకోండి. అప్పటికి నేను హైస్కూలు కుర్రాణ్ణి. తెల్లారేసరికి రోడ్డు పొడుగునా కొబ్బరిచెట్లు, కరెంటు స్తంభాలు అడ్డంగా పడి, పక్క ఊరు కూడా దూరదేశమైపోయింది. సహాయం రావడానికి రోజులు పట్టింది. మంచు తుపాను కూడా అంతే. బండి చెడిపోనక్కర్లేదు. ముందున్న ఒక లారీ అడ్డం తిరిగితే చాలు, వెనకనున్న వెయ్యి బళ్ళూ ఖైదే. తేడా ఏమిటయ్యా అంటే, మన తుపానులో తడుస్తాం, అక్కడ గడ్డకడతాం.

ఇప్పుడు రెండు సంఘటనలు మనవి చేస్తాను. రెండూ 2022 జనవరి మొదటి వారంలో, కేవలం నాలుగైదు రోజుల తేడాతో జరిగినవే.

మొదటిది అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో. జనవరి 3న ఐ-95 అనే పెద్ద హైవే మీద మంచు పడి, లారీలు జారి అడ్డం తిరిగి, దాదాపు 50 మైళ్ళ మేర రాకపోకలు ఆగిపోయాయి. వందలాది బళ్ళల్లో జనం రాత్రంతా, మర్నాడు చాలాసేపు అలాగే ఉండిపోయారు. వాళ్ళలో టిమ్ కెయిన్ అనే సెనేటరు కూడా ఉన్నారు. రెండు గంటల్లో వాషింగ్టన్ చేరవలసిన మనిషి 27 గంటలు కారులోనే ఉన్నారు. ఇంజను కొంతసేపు వేసి కారు వెచ్చబడ్డాక ఆపేసి, మళ్ళీ చలేసినప్పుడు వేసి, అలా పెట్రోలు పొదుపు చేసుకుంటూ రాత్రి గడిపారు. ఫ్లోరిడా నుంచి ఇంటికి పోతున్న ఒక కుటుంబం తమ కారులో ఉన్న నారింజపళ్ళు బళ్ళ వెంట నడుస్తూ పంచిపెట్టింది. సెనేటరుగారికీ ఒక పండు దక్కింది. అదే వరసలో ఒక రొట్టెల కంపెనీ లారీ చిక్కుకుంటే, ఆకలితో ఉన్న ప్రయాణికులు కంపెనీకి ఫోను చేశారు, యజమాని సరేనన్నాడు, డ్రైవరు తలుపులు తెరిచి రొట్టెలు పంచాడు. ఆ రాత్రి ఆ రోడ్డు మీద చలికి ఎవరూ చనిపోలేదు.

రెండోది పాకిస్తాన్‌లోని మరీ అనే కొండ ఊరు. ఉర్దూ పత్రికలు చదివేవారికి ఆ పేరు తెలిసే ఉంటుంది. 7 వేల అడుగులకు పైన, రావల్పిండికి దగ్గరలో ఉంటుంది. మంచు చూడాలని వేలాది కుటుంబాలు కార్లలో పైకి వెళ్ళాయి. జనవరి 7 రాత్రి నాలుగడుగుల మేర మంచు పడి, చెట్లు విరిగి రోడ్ల మీద పడి, బళ్ళు కదలలేదు. తెల్లారేసరికి 22 మంది తమ కార్లలోనే చనిపోయి ఉన్నారు. వారిలో 10 మంది పిల్లలు. ఒకే కుటుంబంలో ఎనిమిది మంది. మంచు తీసే బళ్ళు చాలా వరకు ఒకేచోట నిలిపి ఉంచారని తర్వాత విచారణలో తేలి, అధికారులని సస్పెండు చేశారు. అద్దెలు అడ్డగోలుగా పెంచిన హోటళ్ళకి సీలు వేశారు. స్థానికులు కొందరు తమ ఇళ్ళ తలుపులు తెరిచి అన్నం పెట్టి పడుకోబెట్టారు, అది కూడా చెప్పాలి.

అయితే నేను మీ దృష్టికి తెచ్చే విషయం వేరు. ఆ 22 మందీ చలికే పోయారా అంటే, కాదు. కొందరిని చలి చంపింది, కొందరిని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చంపిందని అప్పుడే చెప్పారు. అంటే చలినుంచి కాపాడుకోవడానికి వేసుకున్న హీటరే ప్రాణం తీసిందన్నమాట. నేను ఈ రోజు ఇక్కడ నిలబడటానికి కారణం ఈ ఒక్క ముక్కే. మిగతా అంతా మీరు మరిచిపోయినా నాకు బాధ లేదు.

అది ఎలా జరుగుతుందో చెబుతాను, పిల్లలు కూడా వినండి. కారు ఇంజను నడిచినంతసేపూ వెనక సైలెన్సరు గొట్టంలోంచి పొగ పోతూ ఉండాలి. మంచు పేరుకుని ఆ గొట్టం మూతిని కప్పేసిందనుకోండి. పొగ బయటికి పోలేక కారు అడుగున చేరి, సందుల్లోంచి లోపలికి వస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కంట్లో మంట లేదు. మన రక్తంలో హిమోగ్లోబిన్ అనేది ప్రాణవాయువుని ఎక్కించుకుని ఒళ్ళంతా తిప్పే ఆర్టీసీ బస్సు లాంటిది. కార్బన్ మోనాక్సైడ్ వచ్చిందంటే ముందే కర్చీఫు వేసి సీట్లన్నీ పట్టేస్తుంది. ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది, దిగమంటే దిగదు. బస్సు తిరుగుతూనే ఉంటుంది, మనవాడికి మాత్రం చోటు లేదు. ముందు తలనొప్పి, తర్వాత కళ్ళు తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం, ఆపైన నిద్ర. "అలసిపోయాను, చలికి నిద్ర ముంచుకొస్తోంది" అనుకుంటాడు మనిషి. అదే ఆఖరి నిద్ర అవుతుంది. పిల్లలు పెద్దవాళ్ళకంటే త్వరగా పడిపోతారు. కారులో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వచ్చిందంటే అది జలుబు కాదని గ్రహించి, ఇంజను ఆపి, తలుపులు బార్లా తెరిచి, గాలిలోకి రావాలి. చలైనా సరే.

ఇది ఇప్పుడు కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1978 ఫిబ్రవరిలో అమెరికాలో బోస్టను నగరం చుట్టూ ఉండే 128 నంబరు రోడ్డు మీద 3 వేల కార్లు, 500 లారీలు మంచులో కూరుకుపోయాయి. ఆ కార్లలో వెచ్చగా ముడుచుకు కూర్చున్నవాళ్ళలో 14 మందిని ఈ వాయువే తీసుకుపోయింది. 2016 జనవరిలో న్యూజెర్సీ రాష్ట్రంలోని పసేయిక్ ఊళ్ళో జరిగింది విన్నప్పుడు నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఇంటి దగ్గరే, రోడ్డు మీదే. భార్యనీ ఇద్దరు పసిపిల్లలనీ చలికి ఉండలేరని కారులో కూర్చోబెట్టి, ఇంజను వేసి, భర్త ఆ కారు చుట్టూ ఉన్న మంచుని పారతో తీస్తున్నాడు. గొట్టం మంచులో కూరుకుని ఉంది. తల్లీ, ఏడాది బాబూ చనిపోయారు. మూడేళ్ళ పాపని ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రికి తీసుకుపోయారు. తండ్రి నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. ఆయన మొదటి పార ఆ గొట్టం దగ్గర వేసి ఉంటే సరిపోయేది. ఆయన తప్పని నేననను. ఆయనకి ఆ మాట ఎవరూ చెప్పి ఉండరు.

కాబట్టి బండి ఆగిపోగానే మొదటి పని, దిగి వెనక్కి వెళ్ళి సైలెన్సరు గొట్టం చుట్టూ మంచు తీసెయ్యడం. పార ఉంటే పారతో, లేకపోతే కాలితో, పళ్ళెంతో, ఏది దొరికితే దానితో. ఆ తర్వాత కూడా ఇంజను వేసే ప్రతిసారీ ముందు గొట్టం చూడాలి. రాత్రంతా వేసి ఉంచకూడదు. గంటకి ఓ 10 నిమిషాలు చాలు. ఆ 10 నిమిషాలూ గాలి కొట్టని వైపు కిటికీ అద్దం ఒక వేలెడు కిందికి దించాలి. "వెచ్చదనం పోతుంది కదా మాస్టారూ" అంటారు. కొంచెం పోతుంది, పోనివ్వండి. ఆ 10 నిమిషాల్లోనే ఫోను చార్జింగు పెట్టుకోవాలి, లోపలి లైటు వెయ్యాలి, వెతికేవాళ్ళకి కనబడుతుంది. తక్కిన 50 నిమిషాలూ వెచ్చదనం ఒంటి మీది బట్టలనుంచి, పక్కవాడి ఒంటినుంచి రావాలి.

బట్టల సంగతి ఆడవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. ఒక లావు కోటు కన్నా నాలుగు పల్చటి బట్టలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే మేలు, మధ్యన చిక్కిన గాలి వేడిని పోనివ్వదు. పెట్టెలో ఉన్నవన్నీ తొడిగెయ్యమనండి, ఫ్యాషను చూసేవాడు అక్కడెవడూ లేడు. తడిసిన మేజోళ్ళు విప్పెయ్యాలి, తడి బట్ట పొడి బట్టకన్నా ఎన్నో రెట్లు త్వరగా ఒంటి వేడి లాగేస్తుంది. బిగుతు బూట్లు వదులు చేసుకోవాలి. తలా చెవులూ కప్పుకోవాలి. పాత న్యూస్ పేపర్లు నలిపి చొక్కా లోపల కూరుకున్నా పనికొస్తుంది. కారు నేల మీది మ్యాట్లు తీసి ఒళ్ళో కప్పుకోవచ్చు. అందరూ ఒకే సీటు మీదికి చేరి, పిల్లల్ని మధ్యలో పెట్టుకోవాలి. అరగంటకోసారి చేతులూ కాళ్ళూ ఆడిస్తూ ఉండాలి, మరీ చెమట పట్టేదాకా కాదు. అందరూ ఒకేసారి పడుకోకూడదు, వంతులవారీగా ఒకరు మేలుకుని ఉండాలి. వణుకు వస్తున్నంతసేపూ ఒళ్ళు పోరాడుతోందని అర్థం. వణుకు ఆగిపోయి, మాట ముద్దగా వచ్చి, అడిగినదానికి పొంతన లేని జవాబిస్తున్నాడంటే లోపలి వేడి 35 డిగ్రీలకన్నా కిందికి పడిపోయిందేమోనని అనుమానించి, వెంటనే వాణ్ణి మధ్యలోకి తీసుకుని పొడి బట్టలు కప్పాలి. ఒక పెగ్గు వేసుకుంటే వెచ్చబడుతుందని చెప్పేవాళ్ళు ఉంటారు. చర్మం వెచ్చబడుతుంది, లోపలి వేడి బయటికి పోతుంది. ఆ సలహా ఇచ్చినవాడి పక్కన కూర్చోవద్దు.

నీళ్ళు అయిపోతే మంచు తినొచ్చా అంటే, తినొచ్చు గానీ అది కడుపులోకి వెళ్ళి కరగడానికి మన ఒంటి వేడే ఖర్చవుతుంది. ఇంజను వేసినప్పుడు డబ్బాలో పెట్టి కరిగించుకు తాగితే మంచిది. గత్యంతరం లేనప్పుడు సరే. 1978 జనవరిలో అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో జేమ్స్ ట్రూలీ అనే లారీ డ్రైవరు తన లారీతో సహా మంచు కింద పూర్తిగా కప్పడిపోయి ఆరు రోజులు లోపలే ఉన్నాడు. మంచు తింటూనే బతికాడు. పైన మంచు కొండ, లోపల మనిషి. వెతకగా వెతకగా బయటికి తీశారు, ప్రాణంతోనే. ఆయన కథలో నాకు నచ్చింది ఏమిటంటే ఆయన లారీ వదిలి పోలేదు.

అది రెండో ముఖ్యమైన సంగతి. బండి దిగి నడిచి పోవాలనిపిస్తుంది, ముఖ్యంగా కుర్రవాళ్ళకి. "రెండు కిలోమీటర్లేగా" అంటారు. మంచుగాలిలో చాచిన చెయ్యి కనబడదు. దిక్కు తెలీదు. నడకలో చెమట పట్టి, ఆగితే ఆ చెమటే గడ్డకడుతుంది. వెలుగున్న ఇల్లు ఎదురుగా, ఓ వంద గజాల లోపు, స్పష్టంగా కనబడితే తప్ప కదలకూడదు. బండి పెద్దది, కనబడుతుంది. మనిషి కనబడడు. యాంటెన్నాకో తలుపు పిడికో ఒక ఎర్ర చున్నీ కట్టి లోపల కూర్చోవాలి.

2022 డిసెంబరు 23 నుంచి న్యూయార్కు రాష్ట్రంలోని బఫలో నగరాన్ని మంచు తుపాను కమ్మేసినప్పుడు ఆ ప్రాంతంలో 40 మందికి పైగా చనిపోయారు. కార్లలో చిక్కినవాళ్ళున్నారు, దిగి నడుస్తూ దారిలో పడిపోయినవాళ్ళున్నారు. అదే తుపానులో ఒక మెకానిక్కు కథ ఉంది. బడిపంతులుని కాబట్టి దీన్ని చెప్పకుండా ఉండలేను. ఆయన బండి ఆగిపోయింది. చుట్టుపక్కల పది ఇళ్ళ తలుపులు తట్టి, 500 డాలర్లిస్తాను, ఈ ఒక్క రాత్రి నేలమీద పడుకోనివ్వమన్నాడు. ఎవరూ రానివ్వలేదు. దగ్గరలో ఒక బడి ఉందని ఫోనులో చూసి, అది స్పష్టంగా దగ్గరే కావడంతో వెళ్ళి, కిటికీ అద్దం పగలగొట్టి లోపలికి దూరాడు. అక్కడితో ఆగలేదు. మళ్ళీ బయటికి వచ్చి కార్లలో చిక్కుకున్నవాళ్ళని, ముసలివాళ్ళని, కుక్కలతో సహా లోపలికి తెచ్చాడు. మొత్తం 24 మంది. బడి వంటగదిలో ఉన్నవి తిని, గిన్నెలు కడిగి, గదులు ఊడ్చి, అద్దం పగలగొట్టినందుకు క్షమించమని చీటీ రాసిపెట్టి పోయారు. అలాంటివాళ్ళు వచ్చి మా బడి అద్దాలన్నీ పగలగొట్టినా నేను రిజిస్టరులో పేరు రాయను.

అదే వారంలో, డిసెంబరు 26న, అరిజోనా రాష్ట్రంలో గడ్డకట్టిన సరస్సు మీదికి నడిచి, ఐసు విరిగి, మన తెలుగువాళ్ళు ముగ్గురు నీళ్ళలో పోయారు. అందులో గుంటూరు ప్రాంతపు దంపతులున్నారు. కారు ఒడ్డున క్షేమంగానే ఉంది. అది వేరే సంగతే, అయినా మంచు మన నేల నేర్పని విద్య అన్నాను కదా, అందుకు చెప్పాను.

అమెరికా దాకా ఎందుకు, మన దేశంలోనే 2018 డిసెంబరు 28న సిక్కింలో నాథులా కనుమ నుంచి తిరిగి వస్తున్న సుమారు 2,500 మంది యాత్రికులు బళ్ళతో సహా చిక్కుకుపోతే సైన్యం తన బ్యారకుల్లో పడుకోబెట్టి, జవాన్లు చలిలో ఉండి కాపాడారు. 2024 డిసెంబరు ఆఖరున మనాలీ పైన సోలంగ్ లోయలో వెయ్యి బళ్ళు ఆగిపోయి, దాదాపు 5 వేల మందిని పోలీసులు కిందికి చేర్చారు. కాలేజీ పిల్లలు టూరు వేసుకుని వెళ్ళేవి ఈ ఊళ్ళే. అక్కడ సాయానికి 112, అమెరికా, కెనడాల్లో 911. అద్దె బండి డ్రైవరు "ఈ రోజు పైకి వద్దు సార్" అంటే వాడితో బేరమాడకుండా టీ తాగి గదికి పొమ్మనండి.

మంచు లేని మనింట్లో కూడా ఈ వాయువు ఉందని ఇక్కడే చెప్పెయ్యాలి. బాలింత మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టి, గాలి తగలకూడదని తలుపులూ కిటికీలూ బిగించే అలవాటు మన వీధుల్లో పూర్తిగా పోలేదు. తుపానుకి కరెంటు పోతే జనరేటరు తెచ్చి వసారాలో పెట్టి తలుపు వేసుకుంటారు. గల్ఫులో శీతకాలం గదిలో బొగ్గు రాజేసుకుని పడుకుంటారు. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో హోటలు గదిలో గ్యాస్ హీటరు వేసుకుని పడుకున్న కేరళవారు ఎనిమిది మంది లేవలేదు. వారిలో నలుగురు పిల్లలు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్ బండిలో ఏసీ వేసుకుని పడుకున్న ఇద్దరు జనరేటరు పొగకి పోయారు. వడకరలో మంచు పడదు, అది మన వాతావరణమే. మూసిన చోట మంట గానీ ఇంజను గానీ ఉంటే, అది మరీ అయినా మామిడికుదురు అయినా ఒకటే.

ఇక ఇక్కడ కూర్చుని మనం చెయ్యగలిగిన పని ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. అబ్బాయి మంచులో చిక్కుకున్నాడని తెలియగానే అమ్మ ఫోను చేస్తుంది. పెట్టెయ్యగానే నాన్న చేస్తాడు. ఖాలా చేస్తుంది, మామూ చేస్తాడు, అత్తవారు చేస్తారు. వీడియో పెట్టమంటారు, మొహం చూస్తేగానీ మనసు నిలవదంటారు. చలికి ఫోను బ్యాటరీ మామూలుకన్నా త్వరగా పడిపోతుంది. మనం చేసే ప్రతి ఫోనూ వాడి సహాయం నంబరులో కొంత తాగేస్తుంది. తెల్లారేసరికి రక్షించే బండి దగ్గరికొచ్చి "ఎక్కడున్నావు" అని అడిగేవేళకి ఆ ఫోను చచ్చిపోయి ఉంటుంది. కాబట్టి ఇంటిల్లిపాదికీ ఒక్కరే మాట్లాడేలా నియమం పెట్టుకోండి. వాడు ఉన్నచోటు మ్యాపు లొకేషను ఒకసారి పంపాలి, తర్వాత గంటకో రెండు గంటలకో ఒక చిన్న మెసేజి: గొట్టం చూశాను, బాగున్నాను. అంతే. మిగతా బంధువులంతా ఆ ఒక్కరి దగ్గరికి వచ్చి అడగాలి. కన్నతల్లికి ఇది కష్టమే. నాకు తెలుసు.

ఇంకొకటి. పండగకి స్నేహితుల ఇంటికి చేరాలని బయలుదేరుతుంటే, వాతావరణం వాళ్ళు వద్దన్న రోజున "వెళ్ళకపోతే వాళ్ళేమనుకుంటారు" అని ఇక్కడినుంచి మనం అనకూడదు. బయలుదేరక తప్పకపోతే ట్యాంకు సగానికి తగ్గకుండా ఉంచుకోమనండి, ఏ దారిన పోతున్నాడో ఎన్నింటికి చేరతాడో అక్కడే ఉన్న ఒకరికి చెప్పి వెళ్ళమనండి.

కారు వెనక డిక్కీలో ఏముండాలి? ఒక చిన్న పార, ఒక టార్చి, ఫోనుకి పవర్ బ్యాంకు, మందులు వాడేవాళ్ళకి మందులు, నీళ్ళు, చక్రం కింద చల్లడానికి ఒక సంచీ ఇసుక. లంకల్లో ట్రాక్టరు దిగబడితే డ్రైవరు ఎక్సలేటరు తొక్కేకొద్దీ చక్రం ఇంకా లోతుకి పోవడం మీరు చూసే ఉంటారు, మంచులోనూ అంతే, తొక్కకుండా ముందు కింద ఏదైనా వెయ్యాలి. తినడానికి ఖర్జూరం, వేరుశనగలు, బెల్లం పట్టి ఉంటే బంగారం. వీటికన్నా ముందు ఒక కంబళి. మన ఇళ్ళల్లో బీరువా పై అరలో కువైట్ కంబళ్ళు ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఎన్నేళ్ళనుంచో ఉన్నాయి. కోనసీమలో వాటితో పనేముంది? వచ్చే విమానానికి పచ్చళ్ళ సీసా ఒకటి తగ్గించి, ఒక కంబళి పెట్టండి. పచ్చడి విషయంలో ఇంట్లో గొడవైతే నా పేరు చెప్పకండి.

అటువైపునుంచి ఎవరో ఆపా ఒక చీటీ పంపారు. "మా అబ్బాయిది బ్యాటరీ కారు. దానికి కూడా ఈ పొగ బాధ ఉందా?" అని. మంచి ప్రశ్న. పూర్తిగా బ్యాటరీ మీద నడిచే కారుకి పొగ గొట్టమే లేదు కాబట్టి దానినుంచి ఈ విషం రాదు. హీటరు బ్యాటరీని తాగుతుంది, చలికి బ్యాటరీ శక్తి కూడా తగ్గుతుంది. అందుకని చార్జింగు నిండా పెట్టుకునే బయలుదేరాలి. చిక్కుకున్నాక కారంతా వేడి చెయ్యకుండా సీటు కింది హీటరు ఒక్కటే వేసుకుంటే చాలాసేపు వస్తుంది. వరసలో పక్కన ఆగిన పెట్రోలు కారు గొట్టం తన కిటికీ వైపు ఉందేమో మాత్రం చూసుకోమనండి. హైబ్రిడ్ అని ఇంకొక రకం ఉంది, బ్యాటరీ, పెట్రోలు రెండూ ఉంటాయి. అందులో హీటరు వేసుకుని కూర్చుంటే చప్పుడు చెయ్యకుండానే ఉన్నట్టుండి ఇంజను దానంతటదే మొదలవుతుంది. అది ఏ రకమో అబ్బాయిని ఈ రాత్రికే అడగండి ఆపా, హైబ్రిడ్ అయితే గొట్టం సంగతి చెప్పండి.